భూమి అవతల ప్రాణం: రుజువు ఎక్కడ ఆగిపోతోంది?

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకు వినబడుతోంది కదా? సరే.

విశ్వంలో ఇంకెక్కడైనా ప్రాణం ఉందా అన్నది ఇవాళ్టి అంశం. జవాబు ముందే చెప్పేస్తాను. ఈ రోజు వరకు, భూమి అవతల ప్రాణం ఉన్నట్టు రుజువైన చోటు ఒక్కటీ లేదు. మీ ఫోన్‌లో ఏ వీడియో వచ్చినా, ఏ పేపర్లో ఎంత పెద్దక్షరాలతో పడినా, ఈ మాట ఇంకా మారలేదు. అలాగని లేదని రుజువైందా? అదీ కాలేదు. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఇప్పటికి ఆరు వేలకు పైగా దొరికాయి. వాటిలో గాలిని పరీక్షించి చూడగలిగినవి బహు కొద్ది.

ఇన్ని నక్షత్రాలు, ఇన్ని గ్రహాలు, కాబట్టి ఎక్కడో ఒక చోట ఉండి తీరాలి అన్న లెక్క మీరు చాలాసార్లు విని ఉంటారు. నేను ఆ లెక్క జోలికి పోను. ఎందుకంటే అందులో ఒక అంకె ఎవరికీ తెలియదు. అన్నీ అనుకూలంగా ఉన్న గ్రహం మీద ప్రాణం పుట్టే అవకాశం ఎంత? పదింటిలో ఒకటా, లక్ష కోట్లలో ఒకటా? మనకు తెలిసిన ఉదాహరణ ఒకే ఒక్కటి, మన భూమి. ఒక్క ఉదాహరణతో అవకాశం లెక్కకట్టలేం. ఆ ఒక్క అంకె లేకుండా మిగతా అంకెలు ఎంత కచ్చితంగా ఉంటే మాత్రం ఏం లాభం?

నేను చెప్పదలచుకున్నది వేరు. యాభై ఏళ్లుగా "దొరికింది, దొరికింది" అన్న కబుర్లు వస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతిదీ ఆగిపోతూనే ఉంది. ఎక్కడ ఆగుతోంది? కాస్త దగ్గరగా చూస్తే దాదాపు ప్రతిసారీ ఒకే చోట. ప్రాణం గురించి మనకు తెలియక కాదండీ. ప్రాణం లేని మట్టి, ప్రాణం లేని గాలి, ప్రాణం లేని రాయి తమంతట తాము ఏమేం చేయగలవో మనకు తెలియక. ఈ మాట మనసులో పెట్టుకుని వినండి.

మొదట వైకింగ్. 1976 జులై 20న వైకింగ్-1, సెప్టెంబర్ 3న వైకింగ్-2 అంగారకుడి మీద దిగాయి. ప్రాణం కోసమే ప్రత్యేకంగా ప్రయోగాలు పెట్టుకుని ఇంకో గ్రహం మీద దిగిన నౌకలు అవే మొదటివి. ఒక్కోదాంట్లో మూడు జీవశాస్త్ర ప్రయోగాలు. వాటిలో ఒకదాన్ని మాత్రం మెల్లగా చెప్తాను, ఎందుకంటే దాని మీద వాదన ఇంకా పూర్తిగా చల్లారలేదు. గిల్బర్ట్ లెవిన్, పట్రీషియా స్ట్రాట్ అనే ఇద్దరు రూపొందించిన ప్రయోగం అది.

ఎలా చేశారంటే, నౌక చెయ్యి చాచి మట్టి తవ్వుతుంది. అందులోంచి అర ఘన సెంటీమీటరు మట్టి ఒక చిన్న గిన్నెలో పడుతుంది. దాని మీద ఒక మిల్లీలీటరులో పదో వంతు కంటే కొంచెం ఎక్కువ ద్రవం, అంటే రెండు మూడు చుక్కలు, వదులుతారు. ఆ ద్రవం నీళ్లే, కానీ అందులో గ్లైసీన్, అలనీన్, లాక్టేట్, ఫార్మేట్ లాంటి సూక్ష్మజీవులకు తేలిగ్గా అరిగే పోషకాలు కలిపారు. ఆ పోషకాల్లోని కార్బన్ మామూలు కార్బన్ కాదు, రేడియోధార్మిక కార్బన్-14. మట్టిలో ఏదైనా బతికి ఉంటే పోషకం తిని గాలి వదులుతుంది. ఆ గాలిలో కార్బన్-14 ఉంటుంది. పైనున్న గది గోడలో ఉన్న కౌంటర్ దాన్ని పట్టుకుంటుంది. ఆలోచన ఎంత చక్కగా ఉందో చూడండి.

చుక్కలు పడ్డాయి. కౌంటర్ వెంటనే పైకి లేచింది. కొన్ని రోజుల్లో నిమిషానికి పదివేల కౌంట్ల ప్రాంతానికి చేరింది. ఇక కంట్రోల్, అంటే పోల్చి చూడటానికి చేసే జంట ప్రయోగం సంగతి. అదే మట్టిని వేరే గిన్నెలో 160 డిగ్రీల దగ్గర మూడు గంటలు కాల్చి, అదే ద్రవం పోశారు. గాలి రాలేదు. కాల్చితే చచ్చిపోయేదేదో మట్టిలో ఉందన్న మాట. ఎగరడానికి ముందే "ఇలా వస్తే ప్రాణం ఉన్నట్టు" అని రాసిపెట్టుకున్న షరతు అచ్చంగా నెరవేరింది.

మరి ఎందుకు ప్రకటించలేదు? మూడు కారణాలు. ఒకటి, వారం తర్వాత అదే మట్టికి రెండో విడత పోషకం పోశారు. బతికున్న సూక్ష్మజీవులైతే మళ్లీ తినాలి, మళ్లీ గాలి వదలాలి. అలా జరగలేదు. పైగా ఉన్న గాలిలోనే ఐదో వంతు దాకా మట్టిలోకి తిరిగి ఇంకిపోయింది. రెండు, పక్క ప్రయోగంలో మట్టికి పోషకం తగలక ముందే, ఉత్త తేమ తగలగానే ఆక్సిజన్ బయటికొచ్చింది. కాల్చిన మట్టి నుంచి కూడా వచ్చింది. అంటే ఆ మట్టిలో నీళ్లు తగిలితే చర్య జరిపే రసాయనం ఏదో ఉంది. మూడోది అన్నిటికంటే బలమైనది. క్లాస్ బీమన్ బృందం వేరే పరికరంతో మట్టిని 500 డిగ్రీల దాకా వేడి చేసి, ఆవిరిలో కార్బన్ పదార్థాలు ఉన్నాయేమోనని వెతికింది. క్లోరోమీథేన్, డైక్లోరోమీథేన్ అనే రెండు మాత్రం కొద్దిగా కనిపించాయి. అవి నౌకను తుడిచిన ద్రావకాల మిగులు అనుకున్నారు. కార్బన్ శరీరమే లేకపోతే ప్రాణం ఎక్కడి నుంచి వస్తుంది? కథ ముగిసిందన్నారు.

ముగియలేదు. 32 ఏళ్ల తర్వాత, 2008లో ఫీనిక్స్ అనే నౌక అంగారకుడి ఉత్తర ధ్రువం దగ్గర దిగి మట్టిని నీళ్లలో కలిపి చూసింది. మట్టిలో అర శాతం దాకా పెర్‌క్లోరేట్ ఉంది. రాకెట్ ఘన ఇంధనంలో వాడతారే, ఆ జాతి లవణం. చల్లగా ఉన్నంతసేపు ఉలకదు పలకదు. వేడి చేస్తే ఆక్సిజన్ వదిలి పక్కనున్న కార్బన్ పదార్థాన్ని కాల్చేస్తుంది. ఇప్పుడు బీమన్ పరికరం ఏం చేసిందో గుర్తు తెచ్చుకోండి. వేడి చేసింది! వెతకాల్సిన దాన్ని వెతికే పద్ధతే తగలబెట్టి ఉండొచ్చు. 2010లో మెక్సికోకు చెందిన రఫాయెల్ నవారో-గొంజాలెజ్ బృందం చిలీలోని అటకామా ఎడారి మట్టికి మెగ్నీషియం పెర్‌క్లోరేట్ కలిపి వేడి చేసింది. ఏం వచ్చాయో తెలుసా? క్లోరోమీథేన్, డైక్లోరోమీథేన్. 1976లో తుడిచిన ద్రావకం అనుకుని పక్కన పెట్టిన అవే రెండూ.

అయితే లెవిన్ గెలిచినట్టేనా? తొందరపడకండి. 2013లో పెర్‌క్లోరేట్ మీద గామా కిరణాలు కొట్టి చూశారు. అంగారకుడికి మందపాటి గాలి లేదు కాబట్టి అక్కడి మట్టి మీద అంతరిక్ష కిరణాలు కోట్ల ఏళ్లుగా పడుతున్నాయి కదా, అందుకు. ఆ దెబ్బకు పెర్‌క్లోరేట్ విరిగి హైపోక్లోరైట్ పుట్టింది, స్ఫటికాల లోపల ఆక్సిజన్ చిక్కుకుంది. ఆ పొడి మీద తేమ తగిలితే ఆక్సిజన్ వస్తుంది, పోషక ద్రవం పోస్తే కార్బన్ గాలి వస్తుంది. వైకింగ్ చూసిన రెండూ ఏ ప్రాణమూ లేకుండా వచ్చాయి. లెవిన్ మాత్రం 2021లో కన్నుమూసేదాకా మాకు దొరికింది ప్రాణమేనని చెబుతూ వచ్చారు. ఆయన చేసిన ప్రయోగంలో తప్పు లేదని నేను నమ్ముతాను. వచ్చిన చిక్కల్లా అంగారకుడి మట్టి గురించి ఏమీ తెలియకుండా అంగారకుడి ప్రాణం గురించి అడగడం. ముందు ఫీనిక్స్ వెళ్లి, తర్వాత వైకింగ్ వెళ్లి ఉంటే ఆ ప్రయోగం ఇంకోలా తయారయ్యేది. ఒక్క మార్పు చాలు. ఎడమచేతి అలనీన్, కుడిచేతి అలనీన్ వేర్వేరు గిన్నెల్లో పోసి ఉంటే చాలు. హైపోక్లోరైట్‌కు ఎడమ, కుడి తేడా లేదు, రెండిటినీ ఒకేలా విరుస్తుంది. బతికున్నది ఒకదాన్నే ఇష్టపడుతుంది.

ఈ ఎడమ, కుడి ఏమిటని ముందు వరసలో పిల్లలు చూస్తున్నారు. అమైనో ఆమ్లాల్లో చాలావాటికి రెండు రూపాలుంటాయి, అద్దంలో బింబం, ప్రతిబింబం లాగా. పరమాణువులన్నీ అవే, అమరిక మాత్రం తారుమారు. మన ఒంట్లో ప్రొటీన్లు మొత్తం ఎడమచేతి వాటితోనే తయారవుతాయి. ప్రాణంతో సంబంధం లేకుండా తయారైతే రెండూ దాదాపు సమానంగా వస్తాయి. 2023 సెప్టెంబర్ 24న ఒసైరిస్-రెక్స్ నౌక బెన్నూ అనే గ్రహశకలం నుంచి 121 గ్రాముల పైన మట్టి తెచ్చింది. అందులో మన ప్రొటీన్లలో వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 దొరికాయి. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు ఐదూ దొరికాయి. చాలామంది అదే ప్రాణం అన్నారు. కాదు. అవి ఎడమ, కుడి సమానంగా ఉన్నాయి. రోడ్డు పక్కన ఇటుకలు కుప్పగా ఉంటే ఇల్లు కట్టినట్టు కాదు కదా. ఇటుకలు అంతరిక్షంలో ఎక్కడ పడితే అక్కడ తయారవుతాయని తెలిసింది, అది మామూలు విషయం కాదు.

ఇప్పుడు మన ఊరి విషయానికి వద్దాం. భూమి అవతలి ప్రాణం కోసం చేసిన ఒక గట్టి ప్రయత్నం మన హైదరాబాద్ నుంచే జరిగిందని మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, ఎంత తక్కువో. 2001లో ఒకసారి, 2005 ఏప్రిల్ 20న రెండోసారి, టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి పెద్ద బెలూన్ ఎగిరింది. వెనక ఉన్నది ఇస్రో, ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారి బృందం. తోకచుక్కల ధూళితో పాటు సూక్ష్మజీవులు పైనుంచి భూమి మీదకు రాలుతున్నాయా అన్నది ప్రశ్న. 2005లో మోసుకెళ్లిన పరికరం బరువు 459 కిలోలు, అది మునిగి ఉండడానికి 38 కిలోల ద్రవ నియాన్.

నియాన్ ఎందుకు? ఇది గమనించాల్సిన విషయం. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి చాలా పలచన. సీసా మూత తీస్తే లోపలికి వచ్చే గాలి లెక్కలోకి కూడా రాదు. ద్రవ నియాన్ చల్లదనం సున్నాకు 246 డిగ్రీలు కింద. అంత చలికి నైట్రోజన్, ఆక్సిజన్ రెండూ గడ్డకడతాయి. అందుకని ముందే శుద్ధి చేసి, గాలి తీసేసిన స్టీలు గొట్టాలు నియాన్‌లో ముంచి పంపారు. అలాంటివి 16. పైకెళ్లాక కవాటం తెరిస్తే లోపలికి వచ్చిన గాలి గోడకు మంచులా అంటుకుంటుంది, ఖాళీ ఏర్పడుతుంది, ఇంకా గాలి లోపలికి లాక్కుంటుంది. పంపు లేకుండా పంపు. నింపిన గొట్టాలను పారాచ్యూట్లతో దింపి తెచ్చుకున్నారు. నమూనాలు ఒకే ల్యాబుకు ఇవ్వలేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి కొన్ని, పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రానికి కొన్ని. ఇద్దరూ విడివిడిగా, ఒకే పద్ధతిలో పరీక్షించారు.

12 బాక్టీరియా కాలనీలు, 6 ఫంగస్ కాలనీలు పెరిగాయి. మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది. వాటికి జానిబాక్టర్ హోయిలి, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్ట అని పేర్లు పెట్టారు. అతినీల లోహిత కిరణాలను తమ దగ్గరి బంధువుల కంటే బాగా తట్టుకుంటాయని కూడా చెప్పారు. మరి అంతరిక్షం నుంచి వచ్చాయా? తేల్చలేదు. తేల్చలేదన్న మాట ఆ ప్రకటనలోనే స్పష్టంగా రాశారు, ఆ నిజాయితీకి దండం పెట్టాలి. చిక్కు ఎక్కడంటే, ఆ జాతుల జన్యు అక్షరాలు భూమి మీది బాక్టీరియా కుటుంబాల్లో చక్కగా అమరిపోతాయి. మన బాసిల్లస్‌లకు తమ్ముళ్లలాగే ఉన్నాయి. అగ్నిపర్వతాలు, పెద్ద తుఫాన్లు భూమి ధూళిని చాలా ఎత్తుకు లేపగలవు. కింది నుంచి పైకి ఎంత వెళ్తుంది, ఏ ఎత్తులో ఆగుతుంది అన్న లెక్క లేకుండా, పైనుంచి కిందికి వచ్చిందని అనలేం. మళ్లీ అదే. ప్రాణం దొరికింది. ప్రాణం దొరకడానికి ఉన్న మామూలు దారి ముందుగా మూసుకోలేదు.

భూమి మీది సూక్ష్మజీవులు నమూనాల్లో కలిసిపోవడం అనే ఈ సమస్య ఎంత పెద్దదో ఇంకో సంగతి చెప్తాను. జపాన్ వాళ్లు హయబుసా-2 నౌకతో ర్యూగు అనే గ్రహశకలం నుంచి 5.4 గ్రాములు తెచ్చారు. నైట్రోజన్ నింపిన గదుల్లో తెరిచారు. అందులో ఒక మిల్లీమీటరు పాటి రేణువు లండన్ చేరింది. కొన్నాళ్లకు ఆ రేణువు మీద దారాల్లాంటి సూక్ష్మజీవులు కనిపించాయి! 2024లో ఆ పరిశోధన అచ్చయింది. వాళ్లు సంబరపడలేదు, లెక్కపెట్టారు. ఆ దారాల సంఖ్య పెరిగింది, తర్వాత తగ్గింది. ఆ పెరిగే తీరు భూమి మీది సూక్ష్మజీవులు పెరిగే తీరే. మన గాలి తగిలాక ఎక్కినవని తేలింది. అంతరిక్షం నుంచి వచ్చిన రాయి మీద, అంత జాగ్రత్తలో, మనవే ఎక్కేశాయి. ఉల్కల్లో ప్రాణం దొరికిందన్న వార్త చదివినప్పుడు మొదట అడగాల్సింది అదే. ఆ రాయి నేల మీద ఎన్నాళ్లుంది? ఎవరు ముట్టుకున్నారు?

దూరపు గాలుల సంగతికి వద్దాం. శుక్రుడి మీద ఫాస్ఫీన్ అనే వాయువు దొరికిందని 2020 సెప్టెంబర్‌లో పెద్ద గోల. జేన్ గ్రీవ్స్ గారి బృందం హవాయిలో ఒక రేడియో టెలిస్కోపుతోనూ చిలీలోని ఆల్మాతోనూ చూసి, శుక్రుడి మేఘాల్లో వంద కోట్లకు 20 పాళ్ల ఫాస్ఫీన్ ఉందన్నారు. భూమి మీద ఫాస్ఫీన్ అంటే ఆక్సిజన్ లేని చోట బతికే సూక్ష్మజీవుల పరిసరాల్లో, లేదా ఫ్యాక్టరీల్లో. ఇలాంటి టెలిస్కోపు ఏ తరంగం ఎంత బలంగా వచ్చిందో ఒక గీతగా గీస్తుంది, వాయువు మింగిన చోట ఆ గీత కిందికి దిగుతుంది. కానీ గీత సాఫీగా రాదు, అలలు అలలుగా వస్తుంది. అది పరికరం దోషం. ఆ అలలను తీసేయడానికి ఒక వంపు గీతను గీసి, దాన్ని అసలు గీతలోంచి తీసేస్తారు. ఆల్మా లెక్కలో పన్నెండో ఘాతపు సమీకరణం వాడారు. పన్నెండో ఘాతమంటే ఆ గీత ఎన్ని వంపులైనా తిరగగలదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ బృందం అదే పద్ధతిని అదే సమాచారంలో ఫాస్ఫీన్ ఉండని చోట్ల ప్రయోగించింది. అక్కడ కూడా వాయువు ఉన్నట్టు గుర్తులు పుట్టాయి! అంటే తప్పు గుర్తులు పుట్టించే పద్ధతి అది. తర్వాత ఆల్మా సమాచారంలోనే అమరిక దోషం దొరికింది. సరిచేసి చూస్తే 20 కాస్తా 1 నుంచి 4 దాకా పడిపోయింది. దాని మీద ఇంకా వాదన నడుస్తోంది.

కె2-18బి పేరు మీలో చాలామంది వినే ఉంటారు, 2025 ఏప్రిల్‌లో ప్రతి చానల్‌లోనూ వచ్చింది. సింహరాశిలో, మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. భూమికి రెండున్నర రెట్ల పైన వెడల్పు, ఎనిమిదిన్నర రెట్ల బరువు, 33 రోజుల సంవత్సరం. కేంబ్రిడ్జ్‌లోని నిక్కు మధుసూదన్ బృందం జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో 2023లో అక్కడ మీథేన్, కార్బన్ డయాక్సైడ్ చూసింది. మీథేన్ మీద పెద్దగా గొడవ లేదు. 2025లో డైమిథైల్ సల్ఫైడ్, లేదా దాని అన్నదమ్ముడు డైసల్ఫైడ్ ఉండొచ్చన్నారు. భూమి మీద సముద్రంలోని సూక్ష్మ నాచు వదిలే వాయువు అది.

ఎలా చూస్తారు? గ్రహం తన నక్షత్రం ముందు నుంచి వెళ్లినప్పుడు నక్షత్రం వెలుగు 0.3 శాతం తగ్గుతుంది. ఆ తగ్గుదల ఒక్కో రంగులో ఒక్కోలా ఉంటుంది, ఎందుకంటే గ్రహం గాలి కొన్ని రంగులు మింగుతుంది. ఆ తేడా ఎంత? పది లక్షల పాళ్లలో కొన్ని పదుల పాళ్లు. అందులోంచి అణువు పేరు చదవాలి. ప్రకటించిన నమ్మకం మూడు సిగ్మా, అంటే ఆ అణువు లేకపోయినా ఉత్త యాదృచ్ఛికంగా ఇలాంటి గుర్తు రావడానికి వెయ్యికి మూడు వంతుల అవకాశం. భౌతిక శాస్త్రంలో కనుగొన్నాం అనాలంటే ఐదు సిగ్మా కావాలి. వెయ్యికి మూడంటే తక్కువే కదా అంటారా? ఇరవై అణువుల్ని వరసగా పెట్టి ఏది సరిపోతుందో చూస్తే, ఏదో ఒకటి సరిపోయే అవకాశం అంత తక్కువ కాదు. వేరే బృందాలు అదే సమాచారాన్ని తీసుకుని ఏ అణువూ లేని చదును గీత కూడా దాదాపు అంతే బాగా సరిపోతుందన్నాయి. ఇదంతా ఒక ఎత్తు. ఇంకో ఎత్తు, 2024లో 67పి అనే తోకచుక్కలో డైమిథైల్ సల్ఫైడ్ ఉన్నట్టు తేలింది. నాచు లేదు, సముద్రం లేదు, ఉత్త మంచు ముద్ద. ల్యాబులో మీథేన్, సల్ఫర్ వాయువుల మీద అతినీల లోహిత కాంతి వేసినా అదే వచ్చింది. అంటే రేపు ఐదు సిగ్మాతో ఆ అణువు దొరికినా, అణువు దొరికినట్టే గానీ ప్రాణం దొరికినట్టు కాదు. మధుసూదన్ గారి బృందమూ ఇంకా చూడాలనే అంది. ఆ "ఇంకా చూడాలి" అన్న ముక్క చానళ్లలో రాలేదు.

ఇప్పుడు ఎక్కువ ఆశ ఉన్న చోట్లు. రెండే చెప్తాను.

ఒకటి మళ్లీ అంగారకుడే. పర్సెవరెన్స్ రోవర్ 2024 జులైలో జెజెరో బిలంలోని పాత నదీ లోయలో ఒక రాయి చూసింది. దానికి చెయావా ఫాల్స్ అని పేరు పెట్టారు. మీటరు పొడవుంటుంది. దాని మీద చిరుతపులి చర్మం లాంటి మచ్చలు, అంచు నల్లగా, మధ్య తెల్లగా. ఆ మచ్చల్లో వివియనైట్ అనే ఇనుప ఫాస్ఫేట్, గ్రీగైట్ అనే ఇనుప సల్ఫైడ్ ఉన్నట్టు, చుట్టూ మట్టిలో కార్బన్ పదార్థం ఉన్నట్టు 2025 సెప్టెంబర్‌లో ప్రచురించారు. మన చెరువుల అడుగు బురదలో ఇనుమును, గంధకాన్ని వాడుకుని బతికే సూక్ష్మజీవులు ఇలాంటి ఖనిజాలనే మిగిలిస్తాయి. ప్రాణం లేకుండా రావా? వస్తాయి, కానీ చాలావరకు బాగా వేడి కావాలి. ఆ రాయి అంత వేడికి గురైన గుర్తులు కనిపించలేదు. చూశారా తేడా? ఇక్కడ వాళ్లు మొదటి నుంచే ప్రాణం లేని దారులను ఒక్కొక్కటిగా రాసి, ఒక్కొక్కటి ఎంతవరకు నిలుస్తుందో చెప్పారు. నేను ఇన్నేళ్లలో చదివిన ప్రకటనల్లో అన్నిటికంటే జాగ్రత్తగా రాసింది ఇదే. కానీ చల్లని బురదలో వేల ఏళ్లు సాగే నిర్జీవ చర్యలు ఎవరూ ల్యాబులో పూర్తిగా చేసి చూడలేదు. ఆ రాయి నుంచి తొలిచిన ముక్క గొట్టంలో భద్రంగా ఉంది, కానీ ఉన్నది అంగారకుడి మీద. దాన్ని భూమికి తేవాలి. ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు, కొలవాలి. ప్రాణం తేలికైన కార్బన్-12ను, తేలికైన గంధకాన్ని ఎంచుకుంటుంది, ఆ ఎంపిక గుర్తు రాయిలో కోట్ల ఏళ్లు నిలుస్తుంది. అంత సన్నని కొలత రోవర్ మీద సాధ్యం కాదు.

ఇంకో కొలత చెప్పనా? మన వంటింట్లో వేరుశనగ నూనె తీసుకోండి. అందులో కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా 16 కార్బన్లవి, 18 కార్బన్లవి. 17 ఎక్కడా పెద్దగా కనిపించదు. ఎందుకు? ప్రాణం కొవ్వును రెండేసి కార్బన్లు జత చేస్తూ కడుతుంది, అందుకని సరి సంఖ్యలు మిగులుతాయి. నిర్జీవ రసాయనం అలా లెక్కపెట్టదు, గొలుసు పొడవు పెరిగే కొద్దీ పరిమాణం వరసగా తగ్గుతూ పోతుంది. 2025లో క్యూరియాసిటీ రోవర్ సమాచారంలో 10, 11, 12 కార్బన్ల గొలుసులు దొరికాయి. అంగారకుడి మీద ఇప్పటికి దొరికిన వాటిలో అవే పొడవైనవి. కొవ్వు ఆమ్లాల నుంచి వచ్చి ఉండొచ్చు. సరి సంఖ్యల తీరు ఉందా అని చూడాలంటే ఇంకా పొడవైన గొలుసులు కావాలి, ఆ పరికరం అంత పొడవు చూడటానికి తయారు చేసింది కాదు.

రెండోది ఎన్సెలడస్. శని గ్రహం ఉపగ్రహం, అడ్డంగా 500 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి విశాఖకు రోడ్డు దూరం కంటే తక్కువే. పైన మంచు పెంకు, కింద ఉప్పునీటి సముద్రం. దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి పగుళ్లు. వాటిలోంచి సముద్రపు నీరు ఆవిరిగా, మంచు రేణువులుగా అంతరిక్షంలోకి చిమ్ముతోంది. తవ్వక్కర్లేదు, దిగక్కర్లేదు, పక్క నుంచి వెళ్తూ పట్టుకోవచ్చు. కసీని నౌక అదే చేసింది. 2015 అక్టోబర్ 28న 49 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు 8.5 కిలోమీటర్ల వేగంతో ఆ చిమ్ములోంచి దూసుకెళ్లింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది, వాళ్లు దాన్ని ముందే పట్టుకున్నారు. కసీని పరికరం లోపలి గోడ టైటానియం. అంత వేగంతో నీటి మంచు రేణువు గోడకు కొట్టుకుంటే అప్పుడే బయటపడ్డ టైటానియం నీటితో కలిసి హైడ్రోజన్ పుట్టిస్తుంది. అంటే పరికరం తానే హైడ్రోజన్ తయారుచేసి, ఎన్సెలడస్‌లో హైడ్రోజన్ ఉందని చెప్తుంది! అంతకు ముందు సారి కనిపించిన హైడ్రోజన్‌ను అందుకే నమ్మలేదు. ఈసారి అణువులు గోడను తాకకుండా నేరుగా కొలిచే మార్గంలో పరికరం నడిపారు. అప్పుడూ హైడ్రోజన్ కనిపించింది. చిమ్మే ఆవిరిలో 0.4 నుంచి 1.4 శాతం. 2017లో ప్రచురించారు. సముద్రం అడుగున వేడి రాయి, నీరు కలిసి హైడ్రోజన్ పుడుతోందన్న మాట. మన మహాసముద్రాల అడుగున వేడి ఊటల దగ్గర సూక్ష్మజీవులు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపి మీథేన్ చేసుకుని బతుకుతాయి. ఎన్సెలడస్‌లో ఆ మూడూ ఉన్నాయి. 2023లో ఫాస్ఫేట్ కూడా దొరికింది.

మరైతే ఉన్నట్టేనా? ఇక్కడ నన్ను ఆపి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. హైడ్రోజన్ తినే జీవులు ఉంటే అంత హైడ్రోజన్ ఎందుకు మిగిలింది? తినేవాడు లేడు కాబట్టి మిగిలిందా? లేక పుట్టేది తినేదాని కంటే ఎక్కువా? రెండూ చెప్పొచ్చు. కసీని దగ్గర దీనికి జవాబు లేదు. దాని పరికరాల్లో ఆ వాయువులు కొలిచినది హైడ్రోజన్ పరమాణువుకు సుమారు 99 రెట్ల కంటే బరువైన అణువులను చూడలేదు. ఎడమచేతి, కుడిచేతి తేడా చూసే పరికరం అసలు లేదు. 1990ల్లో కట్టిన నౌక, ఎన్సెలడస్ చిమ్ముతోందని తెలిసింది 2005లో. 2017 సెప్టెంబర్ 15న ఇంధనం అయిపోవస్తుంటే దాన్ని కావాలనే శనిలోకి దూకించారు. ఎందుకో తెలుసా? అదుపు తప్పి ఎన్సెలడస్ మీద పడితే భూమి సూక్ష్మజీవులు అక్కడ కలిసిపోతాయని.

యూరప్ అంతరిక్ష సంస్థ నిపుణులు 2024లో తర్వాతి పెద్ద యాత్రకు ఎన్సెలడస్‌నే సిఫారసు చేశారు. దాన్లో ఏం ఉండాలి? అమైనో ఆమ్లాలను ఎడమ, కుడి వేరుచేసే గొట్టం ఒకటి. కొవ్వు ఆమ్లాల్లో 20 కార్బన్లు దాటి చూడగలిగే పరికరం ఒకటి. నౌకతో పాటే వెళ్లే ఖాళీ గిన్నె ఒకటి, అందులో ఏమీ వేయకుండా అదే పరీక్ష చేసి మన మురికి ఎంతో కొలవడానికి. వీటన్నిటికంటే ముందు, ఇప్పుడే, భూమి మీద ల్యాబుల్లో చేయాల్సిన పని ఇంకొకటుంది. ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా ఉప్పునీరు, ఇనుప రాయి, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపి 90 డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి ఉంచి, ఏమేం పుడతాయో జాబితా రాయాలి. నౌక పంపే జవాబును ఆ జాబితా పక్కన పెట్టి చదవాలి. ఆ ప్రయోగానికి కోట్లు అక్కర్లేదు, మన విశ్వవిద్యాలయాల కెమిస్ట్రీ విభాగాల్లో కూడా చేయొచ్చు. కావలసింది ఒత్తిడి తట్టుకునే పాత్ర, శుభ్రంగా పనిచేసే చేతులు, ఓపిక.

ఇక ప్రశ్నలు అడగండి. అక్కడ గోడ పక్కన నిలబడ్డ అమ్మాయి చెయ్యెత్తి చాలాసేపైంది, ముందు ఆమెకు మైకు ఇవ్వండి.